సంతకం కింది మాట

సోమవారం, 3వ తేదీ

ప్రియమైన పిడుగుకి,

అక్క ఆశీస్సులు. నాన్నకి, అమ్మకి నా నమస్కారాలు చెప్పు. ఇక్కడ నా జలుబు తప్ప అంతా క్షేమం. అక్కడ నాన్న దగ్గు తప్ప అంతా క్షేమమేనని నీ ఉత్తరం చదివి స్థిమితపడ్డాను.

ఫ్యాక్టరీలో నన్ను కాలర్ల దగ్గర్నుంచి తీసి కాజాల మిషను మీద కూర్చోబెట్టారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊళ్ళోవాళ్ళ చొక్కాలన్నిటికీ కాజాలు వేస్తున్నాను, నా జాకెట్టుకి మాత్రం పిన్నీసే గతి. అమ్మకి చెప్పు, గదిలో ఆరుగురం ఉన్నాం, నాకు కిటికీ పక్క మంచం దొరికింది. కిటికీ తీస్తే ఎదురుగా గోడే, అయినా కిటికీ కిటికీయే కదా.

నాన్నని డ్రిల్లు వేసేటప్పుడు ముక్కుకి తువ్వాలు కట్టుకోమను. కట్టుకుంటున్నానంటాడు, తీరా చూస్తే మెడకి ఉంటుంది. ముక్కు మెడ మీద ఉండదని నేను చెప్పానని చెప్పు. నవ్వితే నవ్వాడు గాని, కట్టుకునేదాకా వదలకు.

నీ లెక్కల మార్కులు చూసి మా గదిలో అందరికీ చెప్పాను. పక్క మంచం ఆవిడ, మీ చెల్లికి ఇంత తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మా అని అడిగింది. మా ఇంట్లో నాకు రావలసినది కూడా అదే పట్టుకుపోయిందని చెప్పాను.

జెండా మామ గుమ్మంలో కూర్చుని వింటున్నాడేమో. ఆయన్ని కూడా అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ అక్క

తా.క. ఇక్కడ ఆగి, కాగితం మడిచి, నీ పుస్తకంలో పెట్టేశావు కదా? మన ఒప్పందం మర్చిపోకు. సంతకం దాకా ఇంటిల్లిపాదికీ, సంతకం కింద మనిద్దరికీ. అమ్మకి, నాన్నకి అక్షరాలు రావు కాబట్టి ఉత్తరం ఎక్కడ అయిపోయిందో నువ్వు చెప్పిందే వాళ్ళకి తెలుస్తుంది.

నీ సంతకం కింద రాసింది చదివాను. నాలుగుసార్లు చదివాను. జడ సంగతి రాసిన లైను దగ్గర నీ పెన్ను కాగితంలోకి దిగబడి చిల్లు పడింది. ఆ చిల్లులో వేలు పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు.

ఆ షెడ్డు సంగతి నువ్వు నాకు చెప్పక్కర్లేదు పిడుగూ. మన ఊరికీ హైస్కూలుకీ మధ్య ఉన్నది ఆ క్వారీ రోడ్డొక్కటే. సాయంత్రం నాలుగుంబావుకి మూడు పొట్టి ఈలలు, దారి బంద్. జెండా మామ ఎర్రజెండా అడ్డం పెట్టి, నడిచి వచ్చేవాళ్ళందరినీ తన రేకుల షెడ్డులోకి తోలతాడు. నాలుగున్నరకి పేలుడు. దుమ్ము తగ్గాక ఒక పొడుగు ఈల, దారి ఖాళీ. నేనూ రెండేళ్ళకి పైగా ఆ షెడ్డులో చెవులు మూసుకుని నిలబడ్డదాన్నే.

పొడుగు ఈల కాగానే నీతో నడిచొచ్చే ఇద్దరు పిల్లల్నీ పంపేసి, నిన్ను మాత్రం సంచీ పట్టుకుని ఆపుతున్నాడని రాశావు. మొదట అక్క ఉత్తరం వచ్చిందా అని అడిగాడు, తర్వాత బిస్కెట్లు పెట్టాడు, మొన్న జడ పట్టుకుని వదల్లేదు. అరిస్తే ఎవరూ రారని నవ్వాడు. ఇది రాస్తుంటే నా చెయ్యి కూడా నీ చెయ్యిలాగే కాగితంలోకి దిగబడుతోంది.

నాన్నకి చెప్పొద్దని మూడుచోట్ల రాశావు. ఎందుకో నాకు తెలుసు. లారీ క్లీనరెవరో ఈల వేశాడని టైలరు కూతురు ఇంట్లో చెప్పింది. మర్నాటి నుంచి అది బడి మొహం చూడలేదు. నిన్ను ఆరులో వేసేటప్పుడు నాన్న కూడా తేల్చి చెప్పాడు కదా, రోడ్డు మీద ఒక్క మాట పుట్టినా ఆ రోజుతో బడి సరి అని. పైగా నాన్నకి క్వారీలో పని ఇప్పించింది జెండా మామ. నాన్న కాలు రాయి కింద నలిగినప్పుడు భుజం మీద మోసుకొచ్చింది జెండా మామ. నీ మాట ఎవరు నమ్ముతారు? నమ్మినా ఆగిపోయేది నీ బడే.

అందుకని ఒకటి చెప్తాను, అలా చెయ్యి. బడి వెనక బోరింగు దగ్గర్నుంచి ఎడమకి తిరిగితే పాత గుంత గట్టు వస్తుంది. ఆ గుంతలో పని ఆగిపోయి పదేళ్ళయింది. అక్కడ ఈలా లేదు, జెండా లేదు, షెడ్డూ లేదు. గట్టు మీదుగా నడిస్తే మన వీధి చివర తేలతావు. ఒక్కదానివే వెళ్ళకు, మిగతా ఇద్దరినీ తీసుకెళ్ళు. ఆ దారి నాకెలా తెలుసని అడగకు. చదివాక ఈ కింది ముక్క చింపెయ్యి.


శుక్రవారం, 7వ తేదీ

పిడుగూ,

గట్టు మీద నడవకు. మిగతాది తర్వాత చదువు, ముందు ఇది. గట్టు మీద నడవకు, మిగతా ఇద్దరినీ నడవనివ్వకు.

ఈ ఉత్తరం ఇంటికి కాకుండా బడికి, మీ లెక్కల టీచరమ్మ పేరు మీద పంపుతున్నాను. ఇంటికి పంపితే పైకి చదవమంటారు, ఇందులో పైకి చదవడానికి ఏమీ లేదు. టీచరమ్మగారూ, మీరు విప్పితే దయచేసి మా చెల్లి చేతికివ్వండి.

ఇవాళ మధ్యాహ్నం భోజనాల వేళ గేటు దగ్గర వాచ్‌మన్ ఒక ఉత్తరం ఇచ్చాడు. పైన రాత చూసి, విప్పకుండా రెండుసార్లు తిప్పి చూశాను. ఆ రాత నేను ఇదివరకు చూశాను. నాన్న దగ్గుతో మంగళవారం పనికి పోలేదట. నువ్వు బడికి వెళ్ళాక, పనికి పోతూ జెండా మామ పలకరించడానికి వస్తే, పెద్దదానికి నాలుగు ముక్కలు రాసిపెట్టమన్నాడట. నాన్న మాటలు, జెండా మామ చేతిరాత. నా పెట్టె తాళం గురించి, అమ్మ మోకాళ్ళ గురించి అన్నీ ఉన్నాయి. చివర ఇలా ఉంది: కొత్త గుంతలో రాయి పగుళ్ళిస్తోంది, అందుకని పాత గుంతలో డ్రిల్లు వేస్తున్నారు, అక్కడ మొదటి పేలుడు శుక్రవారం సాయంత్రం. అటు ఎవరూ తిరగరు కాబట్టి జెండా రోడ్డు మీద ఒక్కటి చాలని మేనేజరు అన్నాడట.

నీకు ఇది తెలిసి ఉండదు. నాన్న దుమ్ముతో పాటు పని మాటలు కూడా గుమ్మం బయటే దులిపేసి లోపలికొస్తాడు. నా ఉత్తరం నీకు గురువారం చేరి ఉంటుంది. ఇలాంటివాటిలో నువ్వు నా మాట వినే రకం. ఎన్నిసార్లో వినవే మొండిదానా అని తిట్టాను, ఇవాళ ఒక్కరోజు వినకుండా ఉండవే అని గేటు దగ్గర నిలబడి అనుకున్నాను.

అప్పటికి టైము ఒంటిగంట. మీ బడికి ఫోను లేదు. ఊళ్ళో ఉన్నది క్వారీ ఆఫీసు ఫోనొక్కటే, నాలుగు దాకా దాని పక్కన కూర్చునేది జెండా మామే. టెలిగ్రాం ఇద్దామంటే అది కూడా ఆ ఫోనుకే చెప్తారు. సూపర్‌వైజరమ్మ టీ బ్రేకు దాకా ఆగి వెళ్ళమంది. మిషను మీద కూర్చున్నాను గాని కళ్ళు గడియారం మీదే. పన్నెండు చొక్కాలకి గుండీలు కుట్టాల్సిన వైపు కాజాలు కోసేశాను. కుట్టు తప్పయితే విప్పొచ్చు, కాజా తప్పితే ఆ బట్ట ఇంక పనికిరాదు. ఆవిడ తిడుతుంటే నాకు నా సోమవారం ఉత్తరమే కళ్ళముందు ఉంది.

బూత్ దగ్గర వరసలో నా వంతు వచ్చేసరికి నాలుగుకి పది నిమిషాలుంది. అవతల వాడే ఎత్తాడు. ఎవరూ అని అడిగాడు. ఆ గొంతు వినగానే పెట్టేశాను. బూత్ అతను లైను కలవలేదా అమ్మా అన్నాడు. కలిసిందన్నాను. గోడకి ఆనుకుని కాసేపు నిలబడ్డాను. మళ్ళీ చేశాను.

ఫలానా వాళ్ళ పెద్దమ్మాయిని, మా నాన్నని ఫోను దగ్గరికి పిలవమన్నాను. గుంతలో పేలుడు మందు కూరుతున్నారు, పైకి రాలేడన్నాడు. బస్తీ నీళ్ళు వంటబట్టాయా అని నవ్వాడు. ఆ నవ్వు అలాగే ఉంది. సాయంత్రం ముగ్గురు ఆడపిల్లలు గట్టు మీదుగా వస్తారు, అక్కడ కూడా జెండా పెట్టండి, లేకపోతే పేలుడు ఆపించండని చెప్పాను. రోడ్డు ఉండగా అటెందుకొస్తారని అడిగాడు. రోడ్డు మీద నువ్వుంటావు కాబట్టి అన్నాను. నువ్వు అనే అన్నాను, మీరు అనలేదు.

కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. తర్వాత సరే అన్నాడు. పెట్టేశాడు.

ఆ సరే ఎలాంటి సరేయో నాకు తెలియదు పిడుగూ. నాన్నకి చెప్పాడో, చెప్పకుండా ఊరుకున్నాడో తెలియదు. నువ్వు మాట్లాడకుండా ఉండడమే వాడికి కావలసింది. ఆ సంగతి ఫోను పెట్టేశాక గాని నాకు తట్టలేదు. ఎవరికి చెప్పకూడదో వాడికే చెప్పి, నీ ప్రాణం వాడి చేతిలో పెట్టానేమో.

ఇప్పుడు ఆరున్నర. పేలి రెండు గంటలైంది. పక్క మంచం ఆవిడ ఏమైందే అని అడుగుతోంది. ఏం చెప్పను? ఒక్క గీత గీసి పంపినా చాలు, నీ చేత్తో గీసినదైతే చాలు. రోజూ బడిలోనే టీచరమ్మ దగ్గర ఆగు. అయిదు దాటాక, ఎవరైనా పెద్దవాళ్ళతో కలిసి నడువు.

ఈసారి సంతకం కింద ఏమీ లేదు. పైనా కిందా ఒకటే భయం.

అక్క


శనివారం, 15వ తేదీ

పూజ్యులైన నాన్నకి, అమ్మకి,

మీ పెద్దమ్మాయి నమస్కరించి రాసేది. పిడుగుకి ముద్దులు. నా జలుబు తగ్గింది. మనసు మాత్రం తగ్గలేదు.

పిడుగు ఉత్తరం నిన్న అందింది. దాని అక్షరాలు చూడగానే గేటు దగ్గరే కూలబడ్డాను. వాచ్‌మన్ ఎవరు పోయారమ్మా అని కంగారుపడ్డాడు. ఎవరూ పోలేదు, అందరూ ఉన్నారని చెప్పి ఏడ్చాను. పాపం, ఆయనకేమీ అర్థం కాలేదు.

నాన్నా, కబురు అందేసరికే వత్తి అంటించేశారట, నువ్వు ఆ కుంటికాలితో గట్టు ఎక్కి, మెడలో ఎర్ర తువ్వాలు తీసి ఊపుకుంటూ పరిగెత్తావట. ఆ తువ్వాలు ముక్కుకి కట్టుకోమని ఎన్నేళ్ళుగానో పోరుతున్నాను. కట్టుకోనందుకు ఈ ఒక్కసారికి నీ కాళ్ళకి దణ్ణం. ముగ్గురు పిల్లల్నీ బండ వెనక్కి తోసి, వాళ్ళ మీద నువ్వు బోర్లా పడుకున్నావట. పిడుగు టిఫిను డబ్బా మీద రాయి పడి పలకలా అయిపోయిందట. డబ్బా పోతే పోయింది. నేను కొత్తది కొని పెడతాను.

జెండా మామ ఫోనులో విన్న కబురు పరుగున వచ్చి నీకు చెప్పాడని, చెప్పకపోతే ముగ్గురూ దక్కేవారు కాదని ఊరంతా అంటున్నారట. అమ్మ ఆయన్ని కూర్చోబెట్టి టీ ఇచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుందట. రోడ్డుండగా ఆ గట్టు మీదికి ఎందుకెళ్ళారని నువ్వు అడిగితే ముగ్గురూ నోరు విప్పలేదట. ఈ కాలం ఆడపిల్లలకి తిరుగుళ్ళు ఎక్కువయ్యాయి, చదువు మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టడం మంచిదని జెండా మామ అన్నాడట. నువ్వు ఆ మర్నాడే పిడుగు పుస్తకాలు మూట కట్టి అటక మీద పడేశావట. టీచరమ్మ ఇంటికొచ్చి, నేను బడికి పంపిన ఉత్తరం దాని చేతిలో పెట్టి, ఎందుకు మాన్పించారని అడిగితే, నా పిల్ల ప్రాణం కంటే మీ పాఠాలు ఎక్కువా అన్నావట.

నువ్వన్నది తప్పని ఎలా అనను? నేనూ ఆ వారం అంతా దాని ప్రాణం తప్ప ఇంకేమీ అడగలేదు.

కానీ నాన్నా, పిడుగు తిరుగుళ్ళకి పోలేదు. ఆ గట్టు దారిన వెళ్ళమని చెప్పింది నేను. ఉత్తరం రాసి మరీ చెప్పాను. అక్కడ మళ్ళీ పని మొదలైందని నాకు తెలియదు. తిడితే నన్ను తిట్టు, కొడితే నన్ను కొట్టు. రోడ్డు వదిలి అటెందుకు పంపావని అడుగుతావు. ఆ జవాబు ఇక్కడ రాయలేకపోతున్నాను. ఇంటి ఉత్తరాల్లో నాకు అలవాటైన చోటే, సంతకం కింద రాశాను.

అమ్మా, నువ్వు భయపడకు. భయపడినా మధ్యలో లేచి వెళ్ళకు.

ఇట్లు,
మీ పెద్దమ్మాయి

తా.క. పిడుగూ, ఈసారి సంతకం దగ్గర ఆగకు. కాగితం మడవకు. ఇది కూడా పైకే చదువు.

నాన్నా, ఎనిమిదో తరగతి మధ్యలో బడి ఎందుకు మానేస్తున్నావని నువ్వు నన్ను అడిగావు. లెక్కలు తలకెక్కడం లేదన్నాను. నువ్వు రెండు రోజులు సరిగ్గా తినలేదు. పోన్లే, అందరికీ చదువు అబ్బదుగా అని అమ్మతో అన్నావు. టీచరమ్మ నా కోసం ఇంటికొస్తే దొడ్లో దాక్కున్నాను. ఆ ఏడు లెక్కల్లో క్లాసులో మొదటి మార్కు నాదే నాన్నా. ఆవిడ అది చెప్పడానికే వచ్చింది.

పొడుగు ఈల అయ్యాక, అందరినీ పంపేసి నన్ను షెడ్డులో ఆపేవాడు. ఆపేవాడంటే జెండా మామ. మొదట నీ కబుర్లు చెప్పేవాడు, తర్వాత బిస్కెట్లు, తర్వాత జడ. ఒకరోజు తలుపు వేశాడు. నేను వాడి చెయ్యి కొరికి కిటికీలోంచి దూకాను. మోకాలు చీరుకుపోతే రోడ్డు మీద పడ్డానని మీకు చెప్పాను. అప్పట్నుంచి వారం రోజులు గట్టు దారిన వచ్చాను. ఆదివారం నువ్వే వాణ్ణి టీకి పిలిచావు. మన గుమ్మంలో కూర్చుని, ఏం చదువుతున్నావో చూస్తానని నా లెక్కల పుస్తకం తీసుకున్నాడు. నువ్వు పక్కనే ఉన్నావు. వాడు వెళ్ళాక పుస్తకంలో ఒక చీటీ ఉంది. ఎన్నాళ్ళు చుట్టూ తిరుగుతావు, మీ నాన్న పని నా చేతిలో ఉంది, నోరు విప్పావా మీ ఇంట్లో పొయ్యి వెలగదు అని ఉంది. మర్నాటి నుంచి నేను బడికి పోలేదు.

ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నేను మానేస్తే అక్కడితో అయిపోతుందనుకున్నాను. నేను నోరు మూసుకున్నందుకు వాడు ఆ షెడ్డులోనే ఉన్నాడు, పిడుగు ఎదిగి అదే షెడ్డులోకి వెళ్ళింది. దాని జడ కూడా వాడు పట్టుకున్నాడు. అంతకంటే ఏం జరగకముందే అది నాకు రాసింది. నేను చెయ్యలేని పని అది చేసింది, నాకంటే నిజంగానే తెలివైనది.

నా ఫోను రాగానే నీ దగ్గరికి ఎందుకు పరిగెత్తాడో నేను చెప్పలేను. పిల్లలు పోతారని భయపడ్డాడో, వాళ్ళు పోయాక నేను నోరు విప్పుతానని భయపడ్డాడో. ఏదైనా గాని, పిల్లలు దక్కారు. కానీ అందుకని వాడికి ఇంకో పిల్లని బాకీ లేము.

నువ్వు నమ్మవని భయం నాన్నా. నిన్ను మోసుకొచ్చిన మనిషి, నువ్వు అన్నా అని పిలిచే మనిషి. అందుకే ఆ చీటీ పారెయ్యలేదు. ఈ కాగితంతో పాటు పెట్టాను. కిందటి వారం మంగళవారం నువ్వు వాడి చేత రాయించిన ఉత్తరం కూడా పెట్టాను. రెండూ పక్కపక్కన పెట్టి చూడు. నీకు చదవడం రాకపోయినా రాయి చూసి ఏ గుంతదో చెప్తావు కదా. రెండూ ఒకే చేతివని నీ కళ్ళకే తెలుస్తుంది.

నువ్వు నమ్మితే ఇంకో భయం. గునపం తీసుకుని పోతావని. పోకు. నువ్వు జైలుకి పోతే వాడు గెలిచినట్టే. టీచరమ్మని పిలుద్దాం, మిగతా ఇద్దరు పిల్లల తల్లుల్నీ పిలుద్దాం, అందరం కలిసి మేనేజరు దగ్గరికి, అక్కణ్ణుంచి స్టేషనుకి పోదాం. నీ పని పోతే నేను, అమ్మ, నువ్వు ఏదో ఒకటి చేసుకుందాం. ఊళ్ళో ఏమనుకుంటారో అననీ. ఇవన్నీ తేలిగ్గా రాస్తున్నాననుకోకు, అక్షరాలు ఎలా వంకర్లు పోతున్నాయో పిడుగుని అడుగు.

ఒక్కటే అడుగుతున్నాను. పుస్తకాల మూట అటక మీంచి దించు. వాడి వల్ల ఈ ఇంట్లో ఒకరి బడి పోయింది, అది చాలు. ఆగాల్సింది వాడు, పిడుగు కాదు.

ఇంకొకటి. ఈ చివరి ముక్క, పైకి చదవడం మొదలుపెట్టే ముందే నీకు చూపిస్తాను. పిడుగూ, కవరు తిప్పి చూడు. దాని మీద స్టాంపు లేదు. నేను ఊరెళ్తే మిషను ఇంకొకరికి ఇచ్చేస్తానని సూపర్‌వైజరమ్మ అంది, ఇచ్చుకోమన్నాను. రేపు పొద్దున బస్సెక్కి, ఇది నా చేతుల మీదుగానే తెచ్చి నీకిస్తాను. ఈ మాటలు నా నోటితో మొదలుపెట్టలేను, ఆ గుమ్మంలోకి వచ్చేసరికి నాకు మళ్ళీ పదమూడేళ్ళే అవుతాయి. అందుకని నువ్వు మొదలుపెట్టు, నేను నిన్ను ఆనుకునే కూర్చుంటాను. ఆదివారం కదా, వాడు కూడా టీకి వచ్చి కూర్చుంటాడేమో. కూర్చోనీ. నీ గొంతు ఎక్కడ ఆగిపోతే అక్కడ కాగితం నాకివ్వు. నాకు చదువు అబ్బలేదనుకుంటున్న నాన్న ముందు, మిగతాది నేను చదువుతాను.